పట్నము పోవు యాత్రికులు - పంచాయతీ సభ్యుల పని
(జంగారెడ్డిగూడెమున పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగము)



పొగాకు వేలములు ముగిసి, నాట్లు పూర్తియై, కోతలకు ఇంకను వ్యవధి యున్న దినములలో మన మెట్టప్రాంతపు కుటుంబములు యాత్రకు బయలుదేరుట వాడుక. తిరుపతి, విజయవాడ, విశాఖపట్టణము, హైదరాబాదు - ఎవరి వీలును బట్టి వారు పోవుదురు. వేసవి సెలవుల రద్దీ అప్పటికి తగ్గియుండును. దసరా రద్దీ ఇంకను మొదలు కాదు. ఈ సందుకాలమున గదులు చౌకగా దొరకును, బస్సులలో చోటు దొరకును, దేనినైనను తీరికగా చూడవచ్చును. కావున ఇది మంచి యోచనయే.

అయితే ఈ దినములకు ఒక చిక్కు కలదు. రద్దీ కాలమున దళారికి వందమంది కనబడుదురు. ఒకడు తప్పించుకొన్నను వానికి చింత లేదు. జనము పలుచనైనపుడు వానికి పదిమందియే కనబడుదురు. వందమంది వద్ద రాబట్టవలసినది ఆ పదిమంది వద్దనే రాబట్టవలెనని చూచును. బస్సు దిగినది మొదలు వెంటబడుట, "ఈ దినము మాత్రమే సగము ధర" అనుట, సంచి అందుకొని ముందు నడచుట - ఇవన్నియు అప్పుడే హెచ్చు. ఆటోలు నడుపువారందరును, దుకాణదారులందరును ఇట్టివారని నేను చెప్పుటలేదు. పట్నములో నూటికి తొంబదిమంది మనవలె కష్టపడి బ్రదుకువారే. అయితే నిలయము వాకిటనే నిలిచి, అడుగకుండనే సాయము చేయ వచ్చువాడు తరచుగా మిగిలిన పదిమందిలోని వాడు.

హైదరాబాదు సంగతి చూడుడు. చార్మినారు వద్ద ఆటో ఎక్కి సాలార్‌జంగు మ్యూజియమునకు పొమ్మన్నచో, "ఈ దినము మ్యూజియము మూసినారు, నేను వేరొక మంచి చోటు చూపెదను, కిరాయి తక్కువే" అను మాట వినబడవచ్చును. ఆ మంచి చోటు ముత్యముల దుకాణమై యుండును; కొన్న సరుకుపై కొంత భాగము తెచ్చినవానికి చేరును. తక్కువ కిరాయి లోగుట్టు అదియే. ఈ ఎత్తు మన దేశమునకు పరిమితము కాదు. బ్యాంకాకు నగరమున రాజభవనము మూసియున్నదని చెప్పి విదేశీయులను రత్నముల అంగళ్ళకు తోలుకొనిపోవుట అనేక సంవత్సరములుగా పేరుపడిన మోసము. దీనికి విరుగుడు చాల సులభము. సాలార్‌జంగు మ్యూజియమునకు సెలవు శుక్రవారము. జంతు ప్రదర్శనశాలకు సెలవు సోమవారము. ఈ రెండు ముక్కలు తెలిసి బయలుదేరినవానిని మంగళవారమునాడు ఎవడును దారి మళ్ళింపలేడు.

ముత్యముల మాట వచ్చినది గనుక ఒక సంగతి. హైదరాబాదులో ముత్యములు పండవు. ఒకప్పుడు పారశీక సింధుశాఖ నుండి వచ్చెడివి. ఇప్పుడు చాలవరకు చీనాదేశపు మంచినీటి చెరువులలో పెంచినవి. బంగారమునకు 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరములు, అంకెలు గల గుర్తింపు సంఖ్య తప్పనిసరి చేసిరి. దానిని సెల్‌ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ అను సాధనము ద్వారా ఎవరికి వారు సరిచూచుకొనవచ్చును. ముత్యమునకు అట్టి ముద్ర లేదు. పంటిపై మెల్లగా రాచినచో నిజమైన ముత్యము కొంచెము గరుకుగా తగులును, గాజుపూస జారిపోవును. ఈ పరీక్ష తెలిసినను, రసీదు ఇయ్యని అంగడిలో కొనకుండుటయే మేలు.

యాత్రికుని వద్ద సొమ్ము గుంజుట నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1830లో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరి 1831లో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ కాశీయాత్రా చరిత్రయందు ఏ మజిలీలో ఏమి దొరకునో, ఎక్కడ ఏ సొమ్ము చెల్లింపవలసి వచ్చునో వ్రాసి యుంచిరి. ఆ పని మన గ్రామములలో ఏల చేయరాదు? పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకము పెట్టి, యాత్ర నుండి వచ్చినవారు నిలయము నుండి గుడికి ఎంత కిరాయి ఇచ్చినదియు, గదికి ఎంత పడినదియు, తేదీతో వ్రాయునట్లు చేసినచో, తరువాత పోవువానికి న్యాయమైన ధర యేదో ముందే తెలియును. ధర తెలియనివానినే మోసగాడు ఏరుకొనును.

ఇక గదుల విషయము. నేడు చాలమంది సెల్‌ఫోనులో వెదకి గది కుదుర్చుకొనుచున్నారు. అసలైన లాడ్జి బొమ్మను పెట్టి, తమ ఫోను సంఖ్య వేసి, అడ్వాన్సు పుచ్చుకొని మాయమగువారు కలరు. యాత్రికులే వీరికి ముఖ్యమైన వేట యని కేంద్ర హోంశాఖకు చెందిన సైబరు నేరముల విభాగము 2025 ఏప్రిల్‌లో ప్రత్యేకముగా హెచ్చరించినది. కేదారనాథపు హెలికాప్టరు టిక్కెట్లు, పుణ్యక్షేత్రములలో బసలు, కారు కిరాయిలు ఆ హెచ్చరికలో పేర్కొనబడినవి. తిరుమల విషయమున నకిలీ వెబ్‌సైట్లపై దేవస్థానమువారు పలుమారులు పోలీసులకు ఫిర్యాదు చేసిరి. దేవస్థానపు అసలు చిరునామా 2024 జనవరి నుండి టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. చివరనున్న "గవ్ డాట్ ఇన్" అనునది ప్రభుత్వమునకు సంబంధించిన సంస్థలకే ఇయ్యబడును గనుక చదువునపుడు మొదలు కాదు, తుదిని చూడవలెను. మూడువందల రూపాయల దర్శనమునకు వేలు అడుగువానికి ఒక్క పైసా ఇయ్య పనిలేదు. సర్వదర్శనమునకు అసలు రుసుమే లేదు.

గళ్ళగళ్ళ గుర్తును చూపి, "దీనిని ఫోనుతో తీసి మీ రహస్య సంఖ్య కొట్టుడు, అడ్వాన్సు మీకు తిరిగి వచ్చును" అనువాడు దొంగ. సొమ్ము వచ్చుటకు రహస్య సంఖ్యతో పనిలేదు, పోవుటకే పని. ఈ ఒక్క మాటను ఇంటింట స్త్రీలకు, వృద్ధులకు చెప్పి రండి.

ఇంతవరకు చెప్పినవి పట్నములో జరుగునవి. మన గుమ్మము ముందే జరుగునది వేరొకటి కలదు. నేను మీతో ముఖ్యముగా మాటలాడ వచ్చినది దానిని గూర్చియే.

యాత్రా బస్సు నడుపుదునని ఒకడు గ్రామమునకు వచ్చును. మొదటి సారి ద్వారకా తిరుమలకో అన్నవరమునకో నలుబదిమందిని తక్కువ ధరకు తీసుకొనిపోయి, భోజనము పెట్టి, క్షేమముగా దింపును. ఊరంతయు వానిని మెచ్చుకొనును. రెండవ సారి కాశీ, గయ, ప్రయాగ అనును. "ఇప్పుడు రద్దీ లేదు, లాడ్జీలవారు సగమునకే ఇచ్చుచున్నారు, అయితే వారమురోజులలో పూర్తి సొమ్ము కట్టవలెను" అనును. మాట నిజమువలెనే యుండును, ఏలయన రద్దీ లేకుండుట నిజము. పిమ్మట అతడు మీ వద్దకు వచ్చి, "మెంబరుగారూ, మీరు ఒక్క మాట చెప్పిన చాలును" అనును. కాగితముపై మీ పేరు వేయును, లేదా మీ యింటి అరుగు మీదనే సొమ్ము వసూలు చేయును. అప్పుడు ముసలమ్మ తన పింఛను డబ్బు ఇచ్చునది వానిని చూచి కాదు, మిమ్ములను చూచి. బస్సు రాని ఉదయమున ఆమె మూటతో వచ్చి నిలుచునది కూడ మీ గుమ్మము ముందే.

కనుక మాట ఇచ్చుటకు ముందు నాలుగు విషయములు విచారింపుడు. బస్సు సంఖ్య అడిగి, ఎమ్‌పరివాహన్ అను సాధనములో దాని యోగ్యతా పత్రము, బీమా గడువు చూడవచ్చును. వాడు చెప్పిన సంఖ్యకు కాక, మీరుగా సంపాదించిన సంఖ్యకు ఫోను చేసి, ఫలానా తేదీకి ఇన్ని గదులు కుదిరినవా యని లాడ్జివారిని అడుగవచ్చును. సొమ్ము నగదుగా గాక బ్యాంకు ద్వారా, కొంత ముందు, కొంత బస్సు ఎక్కిన పిమ్మట చెల్లించునట్లు ఒప్పందము వ్రాయించవచ్చును. నిజాయితీపరుడు దీనికి కోపగించుకొనడు. వాడు కోపగించుకొనెనా, మీ విచారణ అంతటితో ముగిసినట్లే. నలుబది, ఏబదిమంది కలిసినచో ఆర్.టి.సి. వారే ప్రత్యేక బస్సును అద్దెకు ఇత్తురు. జంగారెడ్డిగూడెము డిపోలోనే అడుగవచ్చును. ధర కొంచెము హెచ్చుగా తోచినను రసీదు ప్రభుత్వ సంస్థది.

చౌకయన్న మాట సొమ్మునకే గాక ప్రాణమునకు కూడ ముప్పు తెచ్చును. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో నుండగా పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద మునిగెను. డెబ్బదిమందికి పైగా ఎక్కిన ఆ పడవ నుండి 26 మంది మాత్రమే ప్రాణములతో బయటపడిరి. హైదరాబాదు, వరంగల్లు, విశాఖపట్టణముల నుండి విహారమునకై వచ్చినవారు అందులో ననేకులు. దీనిని మోసమని నేననను; కాని కాలము కాని కాలమున "ఏమియు కాదు, ఎక్కుడు" అను మాటను నమ్మరాదని చెప్పుటకు ఇంతకంటె దగ్గరి నిదర్శనము మనకు లేదు. పడవ ఎక్కువాడు రక్షక కవచము తొడిగినది చూచి, ఆ దినమునకు అనుమతి కలదా యని రేవులోని అధికారులను అడిగి ఎక్కవలెను.

నగల విషయము క్లుప్తముగా చెప్పెదను. "మేము పోలీసులము, ముందు వీధిలో దొంగతనము జరిగినది, నగలు తీసి కాగితములో చుట్టుకొనుడు" అని ఖాకీ లేని పోలీసు చెప్పినచో వినవద్దు. ఆ పొట్లములో తరువాత రాళ్ళుండును. 112కు ఫోను చేసెదనన్న చాలును, వాడు నిలువడు.

ఇన్నియు తెలిసియు మోసపోయినవారు ఉందురు. అట్టివారిని నవ్వవద్దు, నవ్వుదురని భయపడియే వారు చెప్పక దాచుకొందురు, ఆలస్యమగును. బ్యాంకు ద్వారా పోయిన సొమ్ము చేతులు మారకమునుపే నిలుపవలెనన్నచో 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెను. గంటలు గడచిన కొలది ఆశ సన్నగిల్లును. అంగడివాని మోసమునకు 1915, రైలులో ఇబ్బందికి 139.

తుదకు మన సంగతియు కొంచెము చూచుకొందము. గురవాయిగూడెము మద్ది ఆంజనేయస్వామికి, ద్వారకా తిరుమలకు, ఫాల్గుణ మాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళకు, ఆటపాకలో గూడకొంగలను చూచుటకు పైయూళ్ళవారు వచ్చుచున్నారు. వారికి మన ప్రాంతమే పట్నము. గూడకొంగలు గూళ్ళు పెట్టునది శీతకాలమున. వేసవి చివర వచ్చినవానికి ఆ మాట ముందుగా చెప్పక పడవ ఎక్కించుట కూడ ఒక విధమైన మోసమే. ఆటో కిరాయి, పడవ కిరాయి, చెప్పులు కాచుటకు రుసుము - ఇవి వ్రాసిన బోర్డు ఆయా పంచాయతీలు నిలుపవలెను. బోర్డును బస్సు ఆగు చోటనే, రాత్రి దిగినవానికి కూడ కనబడునట్లు వీధిదీపము క్రింద పెట్టుడు. అంకెలు పెద్దవిగా వ్రాయించుడు.