కనబడని సొర



మా మన్సూరాబాద్ వాళ్ళకు సముద్రం చాలా దూరం. ఎల్బీనగర్‌లో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి గానీ తీరం దరిదాపులకు చేరం. అయినా సొరచేప సినిమా చూస్తే మనకూ ఒళ్ళు జలదరిస్తుంది. ఎందుకో ఈ పూట చెప్పుకుందాం.

1975లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ ‘జాస్’ తీశాడు. దానికోసం చేయించిన యంత్రపు సొర ఉప్పునీళ్ళలో మాటిమాటికీ మొరాయించింది. దాంతో చాలాసేపు సొరను దాచి, దాని జాడను మాత్రమే చూపించాల్సి వచ్చింది. నా దృష్టిలో ఆ సినిమాకు అదే ప్రాణం. ఒకచోట ఇద్దరు మనుషులు రేవులో ఎర వేస్తారు. సొర లాగిన లాగుకు రేవు చెక్కలు విరిగి, ఒకతనితో సహా నీళ్ళలోకి కొట్టుకుపోతాయి. అతను ఒడ్డుకు ఈదుతుంటాడు. అంతలో ఆ చెక్కలు మెల్లగా ఇటు తిరుగుతాయి! తెర మీద ఉన్నవి ఉత్త చెక్కలే, గుండె ఆగేది మాత్రం మనకు.

ఇక సంగీతం. జాన్ విలియమ్స్ ప్రధానంగా రెండే స్వరాలు పట్టుకున్నాడు. మన అంతర గాంధారం, శుద్ధ మధ్యమం మధ్య ఎంత ఎడముందో వాటి మధ్యా అంతే. వేగం పెరిగిందంటే సొర దగ్గరపడిందని అర్థం. పిల్లలు అట్టముక్కతో సొర రెక్క చేసి జనాన్ని బెదరగొట్టే ఘట్టంలో ఆ స్వరాలు వినబడవు. చెవి పెట్టి వింటే అది ఆకతాయి పని అని ముందే పట్టేయొచ్చు. ఇలా మనల్ని సంగీతానికి అలవాటు చేసి, తర్వాత పడవ వెనక చడీచప్పుడూ లేకుండా సొరను పైకి లేపుతారు. ఎంత గడుసుతనం! ఆ సినిమాకు వచ్చిన మూడు ఆస్కార్లూ కూర్పుకు, సంగీతానికి, శబ్దానికి.

తెలుగులో ఈ తరహా భయం నాకు ‘ఘాజీ’లో దొరికింది. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన ఆ చిత్రంలో సొర లేదు, 1971 నాటి జలాంతర్గాములున్నాయి. నీళ్ళలో శత్రువు కంటికి ఆనడు, సోనార్ చప్పుడును బట్టే పోల్చుకోవాలి. 2024 నాటి ‘దేవర’లో ఎన్టీఆర్ ఏకంగా సొర మీదే స్వారీ చేస్తాడు. ఆ సంబరం వేరు. అక్కడ సొర ఉన్నది కథానాయకుడి బలం చాటడానికి.

‘జాస్’ దొరికితే ఆ రేవు ఘట్టాన్ని మొదట కళ్ళు మూసుకుని వినండి. తర్వాత చప్పుడు తీసేసి చూడండి. మూడోసారి రెండూ కలిపి చూస్తే, ఏ క్షణాన ఏది మనల్ని పట్టి లాగుతోందో మీకే తెలుస్తుంది.