రాయని అవసరానికి నిధి రాదు



కోయంబత్తూరు, మధురైల పాత తెలుగు పేటల్లో ఊరు శుభ్రం చేసే అరుంధతీయ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పిల్లల కార్పొరేషన్ బడిలో చార్టులకు, సామగ్రికి టీచరు సొంత జీతం ఎందుకు ఖర్చుపెట్టాలి? సమగ్ర శిక్షా పథకంలో ప్రభుత్వ బడులకు ఏటా గ్రాంటు ఉంది.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది, గ్రాంటు ఖర్చును గమనించేది పాఠశాల యాజమాన్య కమిటీ. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం స్త్రీలు. బలహీన వర్గాల తల్లిదండ్రులకు వారి సంఖ్య మేరకు చోటు ఉండాలి.

తెల్లవారకముందే పనికెళ్లే తల్లికి ఆ చోటు దక్కుతోందా? ఇంట తెలుగు, కమిటీలో తమిళం. మన యువత ఆమె పక్కన కూర్చుని, టీచరు చెప్పిన అవసరాలు తమిళంలో రాసిపెట్టాలి. వచ్చే సమావేశానికి ఆమెకు తోడుగా వెళ్దాం.