నోరుగల ఆడపిల్ల



1848లో గ్వాడలూప్ హిడాల్గో సంధితో రియో గ్రాండే నది మెక్సికోకు, అమెరికాకు సరిహద్దయింది. నదికి ఉత్తరాన జనం ఉన్నచోటనే ఉన్నారు, ప్రభుత్వం మారింది. 1936లో పర్లాకిమిడి, 1953లో బళ్లారి ఏ రాష్ట్రానికి చెందాయో ఎరిగిన మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ నదీలోయలో, టెక్సాస్ వైపున, 1942లో గ్లోరియా ఆన్సల్దువా జన్మించింది. బడి విరామంలో స్పానిష్ మాట్లాడినందుకు ఆమె వేలి కణుపులపై స్కేలుతో కొట్టారు. విశ్వవిద్యాలయంలో మెక్సికన్ సంతతి విద్యార్థులు తమ యాస పోగొట్టుకొనడానికి రెండు తరగతులు తప్పనిసరిగా చదవవలసి వచ్చింది. 1987లో వెలువడిన 'బోర్డర్‌ల్యాండ్స్' గ్రంథంలో ఆమె ఈ సంగతులు వ్రాసింది. ఇంగ్లీషు, స్పానిష్ కలగలిపి, చాలాచోట్ల అనువాదమివ్వకుండానే వ్రాసింది. అర్థంకానివారే కష్టపడనిమ్మని కాబోలు!

ఇంతవరకు ఆమె మన ఉద్యమానికి ఆప్తురాలే. ఆ పైన చెప్పినదే మనకు కొంచెం ఇబ్బంది. పరాయి ప్రభుత్వం అణచిన ఆ భాషే ఇంట్లో ఆడపిల్ల నోరు మూయించిందని ఆమె అంటుంది. ఎదురుచెప్పే పిల్లను, వదరుబోతును తిట్టడానికి తన భాషలో ఉన్న మాటలను ఏకరువు పెట్టి, వాటిని మగవారిపై ప్రయోగించగా ఎన్నడూ వినలేదంటుంది. మన 'గయ్యాళి' మాటేమిటి? ఏ పురుషుణ్ణయినా అలా పిలవగా విన్నామా?

స్పానిషులో 'మేము' అనడానికి 'నొసోత్రోస్' అంటారు. స్త్రీలు మాత్రమే ఉంటే 'నొసోత్రాస్'. ఆమె పెరిగిన చికానా స్త్రీల వాడుకలో ఈ రెండవ రూపమే లేదు. ఒక ప్యూర్టోరికో స్త్రీ, ఒక క్యూబా స్త్రీ అలా అనగా విని ఆమె విస్తుపోయింది. తెలుగు 'మేము'కు లింగభేదం లేదు, నిజమే. అయితే మన వినతిపత్రాలలోని 'మేము' కింద సంతకాలు ఎవరివి? పిల్లలకు తొలి తెలుగు మాట నేర్పేది తల్లి. ఏ మాధ్యమంలో చేర్చాలో తేల్చేది చాలా ఇళ్లలో తండ్రి. ఊళ్లో తెలుగు బడి మూతపడితే దూరపు బడికి ముందుగా పంపనిది ఆడపిల్లనే.

చికానో ఉద్యమంలోనూ ఈ ప్రశ్న లేవనెత్తిన స్త్రీలపై ద్రోహులన్న ముద్ర వేశారు. ఐక్యత దెబ్బతింటుందని ఇక్కడా కొందరు పెద్దలు అనవచ్చు. ఈసారి బడుల వినతిపత్రాన్ని తల్లులు వ్రాస్తారు. పెద్దలు చదివి సంతకం చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.