దినచర్యయందు క్రైస్తవ విశ్వాసము

(డోన్ నగరమున జరిగిన వార్షికసభలోని యుపన్యాసపాఠము)



క్రైస్తవ విశ్వాసమును నిత్యజీవనమునకు నడుమ నిలుపుకొనుటనుగూర్చి ముచ్చటింపుఁడని కార్యవర్గమువారు మమ్ముఁ గోరిరి. ఇది దేవాలయమున బోధకులు చెప్పవలసిన మాట గాని కులసంఘమునకేల యని కొందఱు శంకింపవచ్చును. మా యభిప్రాయమున నిది యిచ్చటనే చెప్పఁదగినది. ఏలయన, మన కులమున మొదట క్రీస్తును నమ్మినవారికి ఆ నమ్మకము పరీక్షకు వచ్చినది ప్రార్థనామందిరమునఁ గాదు. రెడ్డిగారి కళ్లమునను, జాతరలోను, చచ్చిన పశువు చుట్టును.

మన నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరముకడఁ బుట్టిన గుండ్లకమ్మ తూర్పుగాఁ బాఱి ఒంగోలుసీమ చేరుచున్నది. ఆ సీమలో తోళ్లవర్తకము చేయుచు ఊరూరు తిరిగిన యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు మనవారిలో మొదటి క్రైస్తవులలో నొకరు. 1866లో ఒంగోలునఁ గాపురమునకు వచ్చిన బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌగారికి తోడై ఆయన పల్లెపల్లెకుఁ బోయి బోధించిరి. క్లౌగారు క్రొత్తగా నమ్మినవారికి విధించిన నియమములు మూఁడే. ఆదివారము పని చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహములకు మ్రొక్కరాదు.

వినుటకు నివి చిన్నమాటలు. ఊరివ్యవస్థలో నివి యెంతదూరము పోయినవో యోచింపుఁడు. కోఁతలనాఁడు ఆదివారమని పనివాఁడు కొడవలి దింపినచో, మనిషి దినము తనదిగాక మఱియొకరిదని చెప్పినట్లే. చచ్చిన గొడ్డును మాదిగవాఁడు లాగికొనిపోవలెను. తోలు పదునుచేసి చెప్పులును, కపిలకుఁ దోలుబానలును కుట్టియీయవలెను. ఆ మాంసము వానిపాలు. మాంసము మాకు వలదన్న నాఁడు ఆ వెట్టియంతయుఁ బ్రశ్నకు వచ్చును. దేవరకు మ్రొక్కనివాఁడు దేవరముందు డప్పు కొట్టఁడు. డప్పు లేక జాతర సాగదు. అందుచేతనే యూరి పెద్దలు వారిని బావులకు రానీయలేదు, అంగళ్లలో సరకు అమ్మనీయలేదు, కూలికిఁ బిలువలేదు. వారు చదువురానివారు, వేదాంతచర్చ యెఱుఁగరు. అయినను సోమవారమునాఁడు తాము క్రైస్తవులమని ఊరికెల్లఁ దెలియునట్లు బ్రదికిరి.

కూటికొఱకు మతము మార్చిరని మనవారిమీఁద నొక నింద కలదు. దానికి జవాబు 1876-78 నాఁటి ధాతకరువులో నున్నది. ఆ కరువులో క్లౌగారు బకింగుహాము కాలువలో మూఁడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకుఁ దీసికొని వేలమందికిఁ బని చూపిరి. కరువుపని సాగినంతకాలము, సంవత్సరమునకు మించి, బాప్తిస్మములు నిలిపివేసిరి. ఆశచేత నెవ్వరును రాఁగూడదని వారి తలంపు. పని ముగిసి, పంచుటకు డబ్బు లేనప్పుడే జనులు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మయొడ్డున నొక్కనాఁడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నింద వేయువారు ఆ తేదీలు చూచుకొందురుగాక.

డప్పునుగూర్చి యొకమాట. ఆ పెద్దలు విడిచినది వాద్యమును గాదు, బలవంతపు వాయింపును. 1994 జూలై 7న అదే ఒంగోలుసీమలోని ఈదుముడిలో దండోర యుద్యమము మొదలైనపుడు మనవారు మరల డప్పు చేతఁబట్టిరి, ఈసారి తమకొఱకు. ఈ రెండును విరుద్ధములని మేము తలంపము.

ఇఁక నేఁటి సంగతి. డోన్, బేతంచెర్ల నాపరాతిగనులలో రోజుకూలికిఁ బోవువానికి ఆదివారపు విశ్రాంతి యన నొకపూఁట కూడు. పత్తికొండ, ఆదోని దిక్కుననుండి మిరపకోఁతకు గుంటూరుసీమకు వలసపోవు కుటుంబములకు ఇంటి ప్రార్థనయే కాదు, ఇల్లే యుండదు. వీరికి ఉపదేశము కంటె తోడు అవసరము. సారాయి, వరకట్నములఁ గూర్చి ప్రతి సభలోను విన్నారు; మేము మరలఁ జెప్పము.

మమ్ము మిక్కిలి బాధించునది వేఱొకటి. 1950 నాఁటి రాష్ట్రపతి యుత్తరువు హిందువులు గానివారిని షెడ్యూల్డు కులములనుండి తొలఁగించినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ యడ్డు తీసిరి, క్రైస్తవులకుఁ దీయలేదు. మన రాష్ట్రమున మనకు మిగిలినది వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగమున నూటికి ఒకటి. బాప్తిస్మము పొందిన దినముననే యంటు పోయినదని చట్టము తలంచినది. ఊరిబావి యట్లు తలంపలేదు. ఫలితమేమి? బిడ్డకు సంఘపుస్తకములో నొకపేరు, బడిలో నొకపేరు. పెద్దల ముత్తాత ఊరంతటి యెదుటఁ జెప్పిన మాటను, మునిమనుమఁడు కచేరిలో మ్రింగుచున్నాఁడు. ఆ తండ్రులను మేము నిందింపము. బిడ్డ చదువు ముందుంచుకొని వారు చేసిన పని యది. తప్పు నియమమునది. కాని యింటిలో నొకమాట, బయట నొకమాట నేర్చిన బిడ్డకు విశ్వాసము నిత్యజీవనమున నుండవలెనని యే నోటఁ జెప్పఁగలము?

చట్టముపై నెపము వేయఁగూడని సంగతియు నొకటి కలదు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు నంద్యాలసీమ ఆంగ్లికనులు పెక్కురు అందుఁ జేరక 1975వఱకు విడిగా నుండిరి. బిషపులు, అభిషేకములఁ గూర్చిన యా పట్టుదల చిన్నది గాదు. అందులోఁ బదవవంతు మాలపల్లె మాదిగపల్లెల నడుమ వియ్యమునకుఁ జూపియుండిన, నేఁడీ మాట యెత్తనక్కఱ లేకపోవును. ఒకే గిన్నెలో ప్రభువుభోజనము పుచ్చుకొని, పెండ్లినాఁటికి ఎవరి పల్లె వారిది యనుచున్నాము. ఇందుకుఁ గచేరి కాగితము అడ్డు రాలేదు.

కావున రెండు ప్రతిపాదనలు సభవారి ముందుంచుచున్నాము. ఒకటి: 1950 యుత్తరువును సవరింపవలెనని సంఘమువారు ఏటేట తీర్మానించుటతో నాఁపక, మాల సోదరుల సంఘములతోఁ గూడి యొకే మహజరు పంపవలెను. రెండు: సంఘమువారి వధూవరుల పట్టికలో ఉపకులము వ్రాయు గడి తీసివేయవలెను. మొదటిదానికి ఎవ్వరును అడ్డు చెప్పరని యెఱుఁగుదుము. రెండవదానికి సమ్మతించు తలిదండ్రులు సంతకము చేయుటకై కాగితము ద్వారముకడ బల్లపై నుంచఁబడినది. మా యింటి పిల్లల పేళ్లు అందు ముందుగా వ్రాసియున్నాము.