మైదానానికి కిరాయి ఎవరు కట్టాలి?

(నస్పూర్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ రోజు మాట్లాడబోయే విషయం పేరు వినగానే మనలోనే కొందరు నవ్వారు. గృహహింస ఉంది, వరకట్నం ఉంది, ఓపెన్‌కాస్ట్ కింద ఊళ్లకు ఊళ్లు పోతున్నాయి. ఇన్ని ఉండగా పార్కులకు, ఆటస్థలాలకు, కమ్యూనిటీ హాళ్లకు కిరాయి ఎంత పెట్టాలన్నది మనకెందుకు అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ వీటిలో ఏ సమస్య మీదైనా పదిమంది ఆడవాళ్లం కూర్చుని మాట్లాడుకోవాలనుకున్నప్పుడు మొట్టమొదట వచ్చే ప్రశ్న ఏమిటి? ‘ఎక్కడ కూర్చుందాం, హాలుకు ఎంత?’ అన్నదే కదా. మగవాళ్లకు ఈ ప్రశ్న ఇంత తొందరగా రాదు. వాళ్లకు చాయ్ హోటలుంది, గని దగ్గర మస్టరుంది, కూడలి ఉంది, రచ్చకట్ట ఉంది. వీటిలో ఏ ఒక్కదానికీ కిరాయి లేదు. మనం అక్కడ పది నిమిషాలు ఊరికే నిలబడితే ‘ఎవరి కోసం నిలబడ్డవు’ అని అడుగుతారు. కిరాయి కట్టకుండా కూర్చోగలగడం కూడా ఒక హక్కే. అది మగవాళ్లకు పుట్టుకతో వస్తోంది.

మన నస్పూర్ సంగతే చూద్దాం. ఇది బొగ్గు బాయిల ఊరు. ఇక్కడి మైదానాలు, క్లబ్బులు, పార్కులు చాలావరకు సింగరేణి కట్టించినవి. 1952 గనుల చట్టంలోని 46వ సెక్షను ఆడవాళ్లను భూగర్భ గనిలో పనికి పెట్టుకోవడాన్ని నిషేధించింది. 2019లో కేంద్రం సడలింపు ఇచ్చేదాకా అదే నడిచింది. దాని ఫలితం గని లోపలికే పరిమితం కాలేదు. ఉద్యోగం మగవాడి పేరున ఉంటే క్వార్టరు కూడా అతని పేరునే వచ్చింది, క్లబ్బు సభ్యత్వమూ అతని పేరునే వచ్చింది. ‘ఉద్యోగుల రిక్రియేషన్ క్లబ్బు’ అన్నప్పుడు ఉద్యోగి ఎవరు? మూడు షిఫ్టులకూ మూడుసార్లు టిఫిను కట్టి, బొగ్గు మసి బట్టలు ఉతికిన ఆడమనిషి ఆ లెక్కలో ఉద్యోగి కాదు, ‘డిపెండెంటు’. ఆమెకు రిక్రియేషన్ అవసరమని ఎవరికీ తట్టలేదు. షిఫ్టు దిగినవాడికి అలసట ఉంటుందని అందరికీ తెలుసు. అసలు షిఫ్టు దిగనే దిగని మనిషి అలసట ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

మున్సిపాలిటీ ఆ తర్వాత వచ్చింది. 2018లో నస్పూర్ పురపాలక సంఘమైంది. 2025 జనవరిలో మంచిర్యాల నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు అందులో కలిసిపోయింది. మనకిప్పుడు ఇద్దరు యజమానులున్నారు. కొన్ని స్థలాలు కంపెనీవి, కొన్ని కార్పొరేషనువి. ఊరు నగరంగా మారినప్పుడు మొట్టమొదట మారేది పన్నులు, ఫీజుల పట్టిక. అందుకే ఈ మాట ఇప్పుడు ఎత్తుతున్నాను. పట్టిక అచ్చయ్యాక తగ్గించమని తిరగడం కంటే, అది తయారయ్యేటప్పుడే అక్కడ ఉండడం తేలిక.

చట్టం ఏమంటోంది? 1993 జూన్‌లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలును చేర్చింది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో పట్టణ సంస్థల బాధ్యతగా ఉన్నాయి. అవి ఉన్నచోట ఉంటాయి, లేనిచోట లేవు అనుకునే దయాధర్మం కాదన్నమాట. అంతకు ముందునుంచే రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండో భాగం ఉంది. ప్రభుత్వ నిధులతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే స్థలాల వాడకంలో కులం, మతం, లింగం కారణంగా ఎవరినీ అడ్డుకోకూడదని అది చెప్తుంది. మూడో భాగం స్త్రీలకు, పిల్లలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చంటుంది. కాబట్టి ‘ఆడవాళ్లకు విడిగా రేటు పెడితే వివక్ష అవుతుంది’ అని ఏ ఆఫీసరన్నా అంటే, ఆ మూడో భాగం చదవమని చెప్పండి. ఐక్యరాజ్యసమితి మహిళా ఒడంబడికలో 13వ అధికరణం వినోదంలో, క్రీడల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనడం స్త్రీల హక్కు అని స్పష్టంగా రాసింది. దాన్ని భారతదేశం 1993లో ఆమోదించింది.

ఇక ఫీజు అంటే ఏమిటి? పన్ను వేరు, ఫీజు వేరు. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా చెప్పింది. పన్ను అందరి ఉమ్మడి ఖర్చు కోసం వేసేది. ఫీజు ఒక ప్రత్యేకమైన సేవ చేసినందుకు తీసుకునేది. పైసా పైసాకు సరిపోనక్కర లేదని తర్వాతి తీర్పులు చెప్పాయి గాని, చేసిన సేవకూ తీసుకున్న డబ్బుకూ సంబంధమన్నది ఉండాలి. దీన్ని మన హాలుకు పెట్టి చూద్దాం. ఒక సాయంత్రం హాలు వాడుకుంటే కరెంటు, నీళ్లు, ఊడ్చే మనిషి కూలి, వాచ్‌మన్ అదనపు గంటలు అన్నీ కలిపి 400 రూపాయలవుతుందనుకుందాం. కిరాయి 4,000 పెడితే మిగతా 3,600 దేనికి? గోడలు, పైకప్పు, స్థలం మన పన్నులతో కట్టినవే. వాటికి మళ్లీ మనమే అద్దె కడుతున్నామా? ఈ ప్రశ్న అడిగితే ‘నిర్వహణ’ అనే ఒక్క మాటతో జవాబిస్తారు. ఆ నిర్వహణ పద్దు చూపించమనండి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని 4వ సెక్షను ప్రకారం చాలా వివరాలు మనం అడగకముందే వాళ్లు బయట పెట్టాలి.

నా అభిప్రాయంలో మూడు సంగతుల్ని కలగాపులగం చేయడమే అసలు చిక్కు. పార్కులోకి నడిచి వెళ్లడం ఒకటి. స్థలాన్ని కొన్ని గంటలు మనకే ప్రత్యేకంగా ఇమ్మనడం రెండోది. అదే స్థలంలో టికెట్లు పెట్టి, స్టాళ్లు వేసి డబ్బు సంపాదించడం మూడోది. మొదటిదానికి ఫీజు ఉండకూడదు. రెండోదానికి అయిన ఖర్చు మేరకు ఉండాలి. మూడోదానికి గట్టిగా ఉండాలి. చీరల ఎగ్జిబిషన్ పెట్టే వ్యాపారికీ, పొదుపు సంఘం నెలవారీ సమావేశానికీ ఒకే రేటు పెట్టి ‘అందరికీ సమానం’ అంటే అది సమానత్వం కాదు. ఎవరు అడుగుతున్నారన్నది కాదు, ఎందుకు అడుగుతున్నారన్నది చూడాలి.

ఇప్పుడు మనలో మనకే పేచీ ఉన్న చోటికి వస్తాను. గేటు టికెట్ పెట్టడమే మంచిదని మన సంఘాల్లోనే చాలామంది ఆడవాళ్లు అంటారు. టికెట్ ఉంటే తాగుబోతులు రారు, పేకాటరాయుళ్లు రారు, మేం ధైర్యంగా నడవొచ్చు అని. ఈ భయం ఉత్తది కాదు. సాయంత్రం ఆరు దాటితే ఖాళీ స్థలంలో సీసాలు దొరికే ఊళ్లు మనవి. కానీ లెక్క వేయండి. మనిషికి 10 రూపాయల టికెట్ అనుకుంటే, సీసాకు వందలు పెట్టగలిగినవాడు ఆ పది దగ్గర ఆగుతాడా? ముగ్గురు పిల్లల్ని, అత్తను వెంటబెట్టుకుని వచ్చే బీడీలు చుట్టే ఆమెకు 50 రూపాయలవుతుంది. ఆగేది ఆమె. టికెట్టు చెడ్డవాణ్ని ఆపదు, లేనివాళ్లను ఆపుతుంది. మనకు ధైర్యమిచ్చేది వెలిగే లైటు, శుభ్రంగా ఉన్న మరుగుదొడ్డి, డ్యూటీలో ఉన్న వాచ్‌మన్, అన్నిటికన్నా మించి అక్కడున్న ఇంకో పదిమంది ఆడవాళ్లు. టికెట్టు పెట్టి ఆ పదిమందిని తగ్గించుకుంటే, మిగిలిన మనకే భయం పెరుగుతుంది.

రక్షణ పేరుతో గేటు మూయడం మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందో కూడా తెలియదు. 2021 ఆగస్టులో హైదరాబాదు ఇందిరా పార్కు దగ్గర పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. మహిళా కార్యకర్తలు నిలదీశాక జీహెచ్‌ఎంసీ దాన్ని తీసేసింది. ప్రజల పార్కులోకి రావడానికి మంగళసూత్రం చూపించాలా అని అప్పుడు అందరం అడిగాం. జేబు చూపించాలా అని కూడా అదే గొంతుతో అడగాలి.

రూపాయల గురించే మాట్లాడుతూ గంటల సంగతి మర్చిపోకూడదు. మైదానం అందరిదీ అంటారు. వెళ్లి చూస్తే సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా క్రికెట్టే. కబడ్డీ ఆడాలనుకున్న బడి పిల్లలకు దొరికేది మధ్యాహ్నం ఎండ. రేటు ఒకటే, సమయం వేరు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరం మీద 1998లో ఇలాంటి విషయం మీదే కేసు పడింది. మగపిల్లల బేస్‌బాల్ జట్లకు నగరం మంచి మైదానాలు ఇచ్చింది, ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ లీగుకు అలాంటి చోటు దొరకలేదు. మరుసటి ఏడు నగరం రాజీకొచ్చి, పద్ధతి మార్చుకుంటానని ఒప్పుకుంది. 2004లో కాలిఫోర్నియా రాష్ట్రం ఏకంగా చట్టమే చేసింది. స్థానిక సంస్థలు యువత ఆటలకు మైదానాలు కేటాయించడంలో ఆడ, మగ తేడా చూపరాదని. ఆస్ట్రియాలోని వియన్నాలో 1990ల్లో పార్కుల్ని పరిశీలిస్తే, పదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం తగ్గిపోతోందని తేలింది. ఉన్న ఒక్క ఆటస్థలాన్ని మగపిల్లలు ఆక్రమిస్తే వీళ్లు తప్పుకుంటున్నారు. 1999లో అక్కడ రెండు పార్కుల్ని మార్చారు. పెద్ద ఆటస్థలాన్ని విడదీశారు, దారులు పెంచారు, ఆడపిల్లలు మళ్లీ వచ్చారు. మన పిల్లలు ఎన్నో ఏట మానేస్తున్నారో ఇక్కడున్న తల్లులకు ఏ పరిశోధనా అక్కర్లేకుండానే తెలుసు.

మనకు ఏడాదికి తొమ్మిది రోజులు ఏ అనుమతీ, ఏ కిరాయీ అడగకుండా మైదానాలు మనవవుతాయి, ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగయ్యాక స్టేజీలు, మైకులు, నాయకుల ఫ్లెక్సీలు కూడా వచ్చాయి. ఆ తొమ్మిది రోజులూ లైట్లు వెలుగుతాయి, గడ్డి కోస్తారు, నీళ్లు చల్లుతారు, పోలీసులుంటారు. చేయాలనుకుంటే చేయగలరని అప్పుడు తెలుస్తుంది. మిగతా 356 రోజుల గురించే నా బాధంతా.

కిరాయి కంటే పెద్ద అడ్డు డిపాజిట్టు. హాలుకు 500 కిరాయి, 5,000 డిపాజిట్టు అంటే, 500 జమచేసుకోగల సంఘం కూడా వెనక్కి పోతుంది. ఆ ఐదువేలు ఎవరో ఒకామె వడ్డీకి తేవాలి. ఒక ఊళ్లో మాకు డిపాజిట్టు తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. కుర్చీ విరిగిందన్నారు, కుర్చీల లెక్క ముందు రాసుకున్నారా అంటే లేదన్నారు. పొదుపు సంఘాలకు డిపాజిట్టు బదులు సమాఖ్య హామీ ఉత్తరం చాలని నియమం పెట్టాలి. పగలగొడితే కడతాం, పారిపోయేవాళ్లం కాదు కదా.

‘మీకెందుకమ్మా, మేం మాఫీ చేయిస్తాం’ అనే పెద్దమనుషుల సంగతి కూడా చెప్పాలి. మాఫీ మంచిదే. కానీ అది నాయకుని ఉత్తరంతో వస్తే, ఆ నాయకుడి తమ్ముడు భార్యను కొట్టిన కేసు మీద మనం అదే హాలులో సమావేశం పెట్టగలమా? రాయితీ పట్టికలోనే అచ్చయి ఉండాలి. ఎవరి ముందూ నిలబడకుండా దరఖాస్తు ఇస్తే రావాలి.

కంపెనీ స్థలాల్లో ఇంకో మెలిక ఉంది. పర్మినెంటు కార్మికుని భార్యకు ఒక రేటు ఉంటే, అదే బాయిలో చేసే కాంట్రాక్టు కార్మికుని భార్యకు ఏది? బొగ్గు దుమ్ము ఇద్దరి ఇళ్లలోనూ ఒకటే పడుతుంది. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అంటే అది మనందరి సొమ్ము. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ‘బయటివాళ్లు’ ఎట్లా అవుతారు?

చివరగా, లీజులు. నిర్వహించలేక పోతున్నామని పార్కును వేలం పెట్టి కాంట్రాక్టరుకు ఇస్తే, మనం ఇప్పటిదాకా చెప్పుకున్నదేదీ నిలవదు. వేలంలో పాడిన డబ్బు అతను గేటు దగ్గరే రాబట్టుకోవాలి. అంగడిలో తైబజారు వేలం పాడినవాడు కూరగాయల గంపల మీద ఎట్లా వసూలు చేశాడో మన అమ్మలను అడగండి. 1991లో బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు చెల్లదంది. అది స్థలం పోయిన కేసు. స్థలం అక్కడే ఉండి, మనం మాత్రం బయట ఉండిపోయే పద్ధతి కాంట్రాక్టరుది. తెలంగాణ పురపాలక చట్టం 2019 పచ్చదనానికి బడ్జెట్‌లో 10 శాతం కేటాయించమంటుంది. డబ్బు లేదన్నవాళ్లను ముందు ఆ పది శాతం గురించి అడగాలి.

అదే చట్టం ప్రతి వార్డులో కమిటీలు వేయమంది. అందులో ఒకటి మహిళలది, 15 మంది సభ్యులు. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. పేరు కాగితం మీద ఉండి, ఆమెకే తెలియకపోతే ముందు ఆమెకు చెప్పండి. ఈ వారంలో ఒక్కొక్కరు ఒక్కో స్థలానికి వెళ్లి రాసుకురావాలి. అది ఎవరిది, కంపెనీదా కార్పొరేషనుదా, రేట్ల బోర్డు ఉందా, రసీదు ఇస్తున్నారా, సాయంత్రం ఎవరు వాడుతున్నారు, ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం ఉందా, ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర. ఈ కాగితాలన్నీ కలిపి దరఖాస్తు తయారు చేద్దాం. రాయడం రానివాళ్లు చెప్తే నేను రాస్తాను.