లంబాడీ బిడారులు – దొరల చట్టము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో లంబాడీ తండా లేని దిక్కు లేదు. అంగడినాడు అద్దపుబిళ్ళల రవికలతో వచ్చు తండా స్త్రీలను చూడనివారును లేరు. చూచి ఎరుగుట వేరు, చరిత్ర ఎరుగుట వేరు. ఐరోపావారు వారిని తొలుత ఏ కంటితో చూచిరి, పిమ్మట ఏ కంటితో చూచిరి అనునది ఈ ఉపన్యాసమునకు విషయము.

ఆదిమవాసులను మాట లంబాడీలకు అక్షరాల చెల్లదు. అది నల్లమల చెంచులకు చెల్లును. లంబాడీల గోర్‌బోలి రాజస్థానపు భాషలకు చుట్టము. వారు మొగలు సేనలకు ధాన్యము మోయుచు దక్షిణాపథమునకు దిగిరి. 1630 ప్రాంతమున షాజహాను వజీరు ఆసఫ్‌ఖాను దండెత్తి వచ్చినప్పుడు జంగి, భంగి అను నాయకులు ఎద్దులమందలతో వెంట వచ్చిరనియు, దారిలోని ఊళ్ళలో కుండలలోని నీరు, గుడిసెకప్పుల గడ్డి వాడుకొను హక్కు పొందిరనియు ఐతిహ్యము. కప్పు పోయిన గుడిసెవాని గతి ఏమైనదో ఆ ఐతిహ్యము చెప్పదు.

ఆ శతాబ్దముననే ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియరు గోలకొండ రాజ్యమునకు వచ్చెను. అప్పటికి మచిలీపట్నము రేవులో డచ్చివారును, 1611 నుండి ఇంగ్లీషువారును వర్తకశాలలు పెట్టియుండిరి. గోలకొండనుండి ఆ రేవునకు పోవు త్రోవ కొండలు, చెరువులు, ఏళ్ళతో నిండి బండ్లకు అనుకూలము కాదని ఆయన వ్రాసెను. నేడు హైదరాబాదునుండి సూర్యాపేట, కోదాడలమీదుగ మచిలీపట్నమునకు రహదారి కలదు. ఆ కాలమున బండి పోలేనిచోట పెరిక ఎద్దే గతి. ఈ దేశపు బిడారులలో పదివేలు, పండ్రెండువేల ఎద్దులు బారులు దీరి నడచుననియు, అవి ఎదురైనచో బండ్లవారు రెండు మూడు దినములు నిలిచిపోవలసి వచ్చుననియు ఆయన చెప్పెను. ఒక తెగ గోధుమలు, ఒకటి బియ్యము, ఒకటి పప్పుధాన్యములు, ఒకటి ఉప్పు మాత్రమే మోయునట. గుడారములే వారి ఇండ్లట. ఆ వ్రాతలో ఆశ్చర్యము కలదు గాని అనుమానము లేదు.

ఆశ్చర్యపడుట సహజమే. ఎద్దులు దారి ప్రక్క పచ్చికనే మేయును గనుక మేతకు ఖర్చు లేదు. ఉప్పు తీరమునుండి లోనాటికి, ధాన్యము పండినచోటినుండి పండనిచోటికి పోయెడిది. ఏ వాగు ఏ నెలలో దాటవచ్చునో, ఏ బీటిలో నీరు నిలుచునో నాయకునికి కంఠస్థము. తగవు వచ్చినచో తండాలోనే తీర్పు. శ్రావణమాసమున కన్నెపిల్లలు బుట్టలలో గోధుమ మొలకలు పెంచి తీజ్ జరుపుట నేటికిని కలదు.

దొరలకు ఈ విద్య బాగుగ అక్కరకు వచ్చెను. 1791లో కారన్‌వాలీసు శ్రీరంగపట్నమునుండి మరలునప్పుడు సేనలోని పశువులు కుప్పలుగ చచ్చెను. పిమ్మటి దండయాత్రకు బంజారాల ఎద్దులే ఆధారమైనవి. 1803లో మరాఠాలతో పోరిన వెల్లెస్లీకిని వారే తిండి అందించిరి. దేశము చేతికి చిక్కినది. 1871లో నేరస్థజాతుల చట్టము వచ్చినది. ఆ పట్టికలో చేర్చబడిన జాతిలో పుట్టుటయే తప్పిదము: పేరు నమోదు చేసికొనవలెను, పిలిచినప్పుడు హాజరు కావలెను, అనుమతిచీటి లేక ఎల్ల దాటరాదు. 1911లో ఈ చట్టము మదరాసు రాజధానికిని వ్యాపించెను. లంబాడీలు, ఎరుకలవారు అందు చిక్కిరి. ఎరుకలవారును ఉప్పు, ధాన్యము మోసి బ్రదికినవారే. బాపట్ల చెంత స్టువార్టుపురము వారికొరకు వెలసిన స్థావరము. ఆ పేరును తిట్టుగ వాడువారు నేటికిని కలరు.

1889లో సికింద్రాబాదునుండి బెజవాడకు రైలు నడచెను. ఎద్దులపెరికె ఓడిపోయెను. బ్రదుకుతెరువు పోయిన పిమ్మట అక్కడక్కడ దొంగతనములు జరిగియుండవచ్చును. వానికి చట్టము విధించిన శిక్ష పసిబిడ్డలకుకూడ తగిలినది. నిజాము రాజ్యపు పల్లెలవారును ఈ దృష్టినుండి తప్పించుకొనలేదు. ఊరిలో సొమ్ము పోయినచో మొదట తండావైపు చూచుట ఎవరు నేర్పిన విద్యయో ఆలోచింపదగును.

ఈ పొరపాటు ఇక్కడనే జరుగలేదు. 1788 జనవరి 26న ఆస్ట్రేలియాలోని సిడ్నీ తీరమున ఇంగ్లీషు ఓడలు దిగినవి. అచ్చటి ఆదివాసులు నీటిగుంటల జాడలను, కొండల గురుతులను పాటలలో దాచుకొని వేలయేండ్లుగ ఆ నేల నడచినవారు. వచ్చినవారికి కంచె గాని దున్నినచాలు గాని చాలచోట్ల కానరాలేదు. ఈ నేలకు యజమాని లేడను భావముతోనే ఆక్రమించిరి. ఆ సిద్ధాంతమును ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము మేబో వ్యాజ్యమున కొట్టివేయునప్పటికి 1992 వచ్చినది. నడచువానికి నెలవు లేదని స్థిరనివాసి తలచుటయే రెండుచోట్లను జరిగినది.

భారతదేశమున నేరస్థజాతుల చట్టము 1952లో రద్దైనది. తెలంగాణములోని లంబాడీలు షెడ్యూల్డు తెగలలో చేరుటకు 1976 నాటి శాసనము కావలసివచ్చెను. 2018 పంచాయతీరాజ్ చట్టముతో తెలంగాణములోని అనేక తండాలు గ్రామపంచాయతీలైనవి. పూర్వము తండాకు దానిని నడుపు నాయకుని పేరే పేరు; బిడారుతోపాటు ఆ పేరును ఊరూర తిరిగెడిది. ఇప్పుడట్టి పేర్లు పంచాయతీ కచేరీల పలకలమీద కనబడుచున్నవి.