మిగతా నాలుగు తరగతులు: ప్రాథమిక బడిలో సాంకేతికత, బోధన
(అధ్యక్షోపన్యాసం)

తరగతి గదిలో సాంకేతికత గురించి తెలుగులో జరిగే చర్చ ఎక్కువగా హైస్కూలు గది చుట్టూ తిరుగుతుంది. అక్కడ పీరియడుకు ఒక సబ్జెక్టు, ఒక ఉపాధ్యాయుడు, ఒకే తరగతి పిల్లలు. ప్రొజెక్టరు, డిజిటల్ తెర, వీడియో పాఠం అన్నీ ఆ గదిని దృష్టిలో పెట్టుకుని తయారైనవే. ప్రాథమిక పాఠశాల లెక్క వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఉపాధ్యాయులు ఇద్దరు. తరగతులు ఐదు. చట్టం అక్షరాలా అమలైన చోట కూడా ఒక్కొక్కరి చేతిలో రెండు మూడు తరగతులు ఉండక తప్పదు. ఒకరు శిక్షణకు వెళ్లినా, సెలవు పెట్టినా ఐదూ రెండోవారి మీద పడతాయి. ఏకోపాధ్యాయ పాఠశాలలో అది రోజూ ఉండేదే. కాబట్టి బడిలోకి వచ్చే ప్రతి పరికరాన్నీ, ప్రతి బోధనా పద్ధతినీ ముందుగా ఒక ప్రశ్నతో పరీక్షించాలి: ఇది ఒక తరగతికి పాఠం చెబుతున్నంతసేపూ మిగతా నాలుగు తరగతులు ఏం చేస్తుంటాయి?

ఈ ప్రశ్న యాభై ఏళ్ల పాతది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో నడిపిన ‘సైట్’ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టీవీని తీసుకెళ్లింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. పొద్దుటి ప్రసారం బడి పిల్లల కోసం. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషలకు తలా 22న్నర నిమిషాలు. ప్రేక్షకులు 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు. ఒకటో తరగతి పిల్లా, ఐదో తరగతి పిల్లవాడూ ఒకే తెర ముందు కూర్చుని ఒకే కార్యక్రమం చూశారు. ఉపగ్రహం ఎంత గొప్పదైనా, ఆ 22న్నర నిమిషాల తర్వాత ఏ తరగతికి ఏ పని ఇవ్వాలో తేల్చుకోవాల్సింది మాత్రం గదిలో ఉన్న ఉపాధ్యాయుడే. ఆ తర్వాత వచ్చిన పథకాల్లో చాలావాటికి ఈ పాఠం ఎక్కలేదు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎడ్యుశాట్ పూర్తిగా విద్య కోసమే ఉద్దేశించిన ఉపగ్రహం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మన టీవీ, తెలంగాణలో టీ-శాట్ చానళ్లు అదే దారిలో నడిచాయి. ప్రసారాల నాణ్యత పెరిగింది. అయితే ప్రసారమంటే అప్పుడూ ఇప్పుడూ ఒక పాఠం, ఒక తరగతి.

పరికరాలు లేకుండానే ఈ చిక్కుముడిని విప్పడానికి జరిగిన పెద్ద ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అంటే ఏపీపెప్. 1980ల్లో బ్రిటన్ సాయంతో ప్రయోగంగా మొదలై తర్వాత రాష్ట్రమంతటా విస్తరించింది. దాని సూత్రాలు ఆరు: ఉపాధ్యాయుడే కృత్యాలు రూపొందించుకోవడం, చేసి, పరిశోధించి నేర్చుకోవడం, వ్యక్తిగత, జట్టు, మొత్తం తరగతి పనులను కలిపి నడపడం, పిల్లల మధ్య తేడాలకు చోటివ్వడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని ప్రదర్శించి గదిని ఆకర్షణీయంగా ఉంచడం. వీటిలో మూడోదీ నాలుగోదీ బహుళ తరగతి బోధనకు ప్రాణం. ఒక తరగతి జట్టుగా, ఇంకొకటి ఎవరికి వారుగా పని చేసుకుంటుంటే మూడో తరగతికి ఉపాధ్యాయుడు దొరుకుతాడు.

ఏపీపెప్ వదిలిన అసలు ఆస్తి ఉపాధ్యాయ కేంద్రం. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు అక్కడ కలిసేవారు. చీపురు పుల్లలు, సీసా మూతలు, అగ్గిపెట్టెలు, పాత క్యాలెండర్ల వెనక గీసిన చార్టులు బల్లల మీద పరిచేవారు. ఒకరు మాదిరి పాఠం చెబితే మిగతావారు తప్పొప్పులు చెప్పేవారు. ఆనాడు ఆ సమావేశాల్లో పాల్గొన్న తరం ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసింది, లేదా చేయబోతోంది. వారి దగ్గరున్న నోటు పుస్తకాలు, పాఠ్య పథకాలు, చేతిరాత కృత్యపత్రాలు ఏ గ్రంథాలయానికీ పూర్తిగా చేరలేదు. పథకం ముగిశాక పాఠశాల కాంప్లెక్స్ సమావేశం పేరుతో కలవడం మిగిలింది. చాలాచోట్ల అందులో మాదిరి పాఠానికి దక్కే సమయాన్ని నివేదికలూ సర్క్యులర్లూ తినేశాయి. కృత్యాధార బోధన విఫలమైందని తేలిగ్గా తీర్పు చెప్పే పండితులు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి. పద్ధతి విఫలం కాలేదు. పద్ధతిని నిలబెట్టే సమావేశమే చేజారింది.

బహుళ తరగతి గదికి తెలుగు నేల ఇచ్చిన సమగ్రమైన సమాధానం మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పుట్టింది. 1980ల్లో వై.ఎ.పద్మనాభరావు, ఎ.రమ ఆధ్వర్యంలో అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడుపుతూ ‘బడి పెట్టె’ను రూపొందించింది. పాఠ్యపుస్తకాన్ని విప్పి మైలురాళ్లుగా విడగొట్టారు. ఒక్కో మైలురాయికి కొన్ని కార్డులు. కొన్ని కొత్త విషయం పరిచయం చేస్తాయి, కొన్ని సాధన చేయిస్తాయి, కొన్ని పరీక్షిస్తాయి. వెనకబడిన పిల్లలకు వేరే కార్డులు, ముందున్నవారికి ఇంకొన్ని. ఇవన్నీ గోడ మీద నిచ్చెన రూపంలో ఉంటాయి. పిల్ల బడికి రాగానే నిచ్చెన మీద తన మెట్టు చూసుకుంటుంది, దాని గుర్తున్న కార్డు తీసుకుంటుంది, ఆ గుర్తుకు కేటాయించిన జట్టులో కూర్చుంటుంది. ఒక జట్టుకు ఉపాధ్యాయుడు పూర్తిగా తోడుంటాడు, ఇంకొక జట్టును అప్పుడప్పుడు చూస్తాడు, మరొక జట్టులో పిల్లలే ఒకరికొకరు నేర్పుకుంటారు, మిగిలినవారు సొంతంగా పని చేస్తారు. వేరుశనగ కోతలకు వారం రోజులు బడి మానిన పిల్ల తిరిగి వచ్చి ఆగిన మెట్టు నుంచే మొదలుపెడుతుంది. పాఠం తనను వదిలేసి వెళ్లిపోదు. మిగతా నాలుగు తరగతులు ఏం చేస్తున్నాయన్న ప్రశ్నకు ఇక్కడ ప్రతి పిల్ల చేతిలోనూ ఒక జవాబు ఉంటుంది.

ఇది సాంకేతికతే. కరెంటు అక్కర్లేని సాంకేతికత. దీని విలువను పొరుగు రాష్ట్రాలు ముందుగా గుర్తించాయి. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటెలో ‘నలి-కలి’గా, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో కృత్యాధార అభ్యసనంగా ఇదే పద్ధతి వేళ్లూనుకుని, ఆ తర్వాత ఆ రాష్ట్రాలంతటా పాకింది. పుట్టిన చోట మాత్రం దానికి ఆ స్థాయి విస్తరణ దక్కలేదు. తెలుగు విద్యా పరిశోధన దీన్ని తన తొలి బాకీగా రాసుకోవాలి.

కంప్యూటరు సాయంతో నేర్పడంపై ప్రపంచ పరిశోధన ఏం చెబుతోందో సదస్సు ప్రతినిధులకు తెలిసిందే. అయినా తెలుగు చర్చల్లో ఆ పరిశోధనల సగం ఫలితాలే వినిపిస్తాయి కాబట్టి మూడు అధ్యయనాలను పూర్తిగా చెప్పుకోవాలి. గుజరాత్‌లో లీ లిండెన్ అధ్యయనం ఒకే కార్యక్రమాన్ని రెండు రకాలుగా పరీక్షించింది. మామూలు బోధన స్థానంలో కంప్యూటరును పెట్టిన చోట పిల్లలు నష్టపోయారు. బడి వేళల తర్వాత అదనంగా వాడిన చోట లాభపడ్డారు. పెరూ ప్రభుత్వం లక్షల సంఖ్యలో లాప్‌టాప్‌లు పంచితే గణితం, భాష మార్కుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఢిల్లీలో సాఫ్ట్‌వేర్ సాయంతో నేర్పే కేంద్రాలపై మురళీధరన్, సింగ్, గనీమియన్‌ల అధ్యయనంలో నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల లాభం కనిపించింది. ట్యాబులను సమర్థించేవారు ఈ మూడో ఫలితాన్ని తరచుగా ఉదహరిస్తారు. కానీ ఆ కేంద్రాల్లో 90 నిమిషాల పూటలో సగం సేపే సాఫ్ట్‌వేర్ ముందు గడిచింది. మిగతా సగంలో సహాయకులు చిన్న జట్లతో కూర్చున్నారు. లాభంలో సింహభాగం సాఫ్ట్‌వేర్‌దే కావచ్చు. అయినా రెండో సగాన్ని దాచి మొదటి సగాన్ని మాత్రమే ప్రచారం చేయడం పరిశోధనకూ పిల్లలకూ అన్యాయం.

పరికరం ఒక్కటే చాలదన్న మాటే ఇటీవలి అనుభవాలూ చెబుతున్నాయి. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి, తెలంగాణలో యాదగిరి, టీ-శాట్ చానళ్లు పాఠాలు ప్రసారం చేశాయి. తెలంగాణలో ఈ పాఠాలు సెప్టెంబరు 1న మొదలయ్యాయి. ఇంట్లో ఒకే టీవీ, ఇద్దరు ముగ్గురు పిల్లలు, వేరువేరు తరగతులు: బహుళ తరగతి సమస్య బడి దాటి ఇంటికి వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు, దీక్షా డిజిటల్ వేదికలో వీడియోలు, ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు, ఆ తర్వాత గోడలకు డిజిటల్ తెరలు వచ్చాయి. తెలంగాణలో 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ చదవడం, రాయడం, లెక్కల పునాదుల మీద దృష్టి పెట్టింది. పిల్లల స్థాయి నుంచి మొదలుపెట్టే ఇలాంటి కార్యక్రమాలే ప్రాథమిక బడికి దగ్గరగా ఉన్నాయి.

పరికరం చేయగలిగేదీ చేయలేనిదీ ఒక తీసివేతలో చూడవచ్చు. 52 లోంచి 27 తీసెయ్యమంటే మూడో తరగతి పిల్లవాడు 35 అని రాస్తాడు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేశాడు. తెర మీద ఎర్ర గుర్తు, మళ్లీ ప్రయత్నించమనే గొంతు వస్తాయి. 63 లోంచి 48 ఇస్తే 25 అంటాడు. పది లెక్కలిచ్చినా తప్పు మారదు. అది అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలనే నియమం అతని మనసులో స్థిరపడింది. ఉపాధ్యాయురాలు పదేసి పుల్లల కట్టలు 5, విడి పుల్లలు 2 అతని ముందు పెట్టి 27 ఇమ్మంటుంది. 2 కట్టలు ఇస్తాడు. 7 విడి పుల్లలు లేవు. కాసేపు చూసి ఒక కట్ట రబ్బరు బ్యాండు తనే తీస్తాడు. 12 విడి పుల్లల్లో 7 ఇస్తే 5 మిగిలాయి, కట్టలు 2 మిగిలాయి. 25. పలక మీద 35 తుడిచేస్తాడు.

తెరకు కట్ట విప్పించడం చేతకాదు. అయితే రెండో తరగతిలో ఒకరు, మూడులో నలుగురు, ఐదులో ముగ్గురు ఇదే తప్పు చేస్తున్నారని పట్టుకుని ఉపాధ్యాయురాలికి చెప్పడం మంచి సాఫ్ట్‌వేర్‌కు సాధ్యమే. అప్పుడు ఆమె తరగతి గోడలు చెరిపి ఆ ఎనిమిది మందినీ పదిహేను నిమిషాలు పుల్లల దగ్గర కూర్చోబెడుతుంది. ఆ పదిహేను నిమిషాలు ఒకటో తరగతి వారు ఫోనులో కథ విని బొమ్మ గీస్తారు, నాలుగో తరగతి వారు కార్డులతో జంటలుగా సాధన చేస్తారు. పరికరానికి బడిలో తగిన పని ఇదే: జట్లు కట్టడానికి సమాచారం ఇవ్వడం, ఉపాధ్యాయురాలి సమయాన్ని ఎక్కువ అవసరమున్న పిల్లలకు మళ్లించడం. పాఠం తానే చెప్పడం దాని పని కాదు.

ఆసక్తికరమైన బోధన పేరుతో జరిగేదాన్నీ ఇదే గీటురాయి మీద చూడాలి. పాట, చప్పట్లు, బొమ్మ కదలడం పిల్లలను కట్టిపడేస్తాయి. అంతమాత్రాన ఆలోచింపజేస్తాయని చెప్పలేం. తనిఖీకి వచ్చేవారి కళ్లకు నిండుగా కనిపించే గదిలో తీసివేత రాని పిల్లలు వెనక వరసలో అలాగే ఉండిపోవచ్చు. మరోపక్క, యంత్రమంటేనే ఒప్పుకోని వర్గం కూడా బడికి మేలు చేయడం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతాల్లో 2004లో ఎనిమిది మాతృభాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది. ఆ భాషల్లో పుస్తకాల సంఖ్య ఇప్పటికీ తక్కువే. కోయ, సవర, గోండి అవ్వల గొంతులో కథలు రికార్డు చేసి మామూలు ఫోనులో వినిపిస్తే, ఆ భాష రాని ఉపాధ్యాయుడి గదిలో కూడా ఒక జట్టుకు పని దొరుకుతుంది. ఇంత చవకైన, ఇంత అవసరమైన సాంకేతికతను పక్కన పెట్టడం తగదు.

ఇంతవరకు నిర్లక్ష్యానికి గురైన పనులు నాలుగు ఉన్నాయి. మొదటిది, డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) కళాశాలల్లో ఛాత్రోపాధ్యాయుల బోధనాభ్యాసంలో కొంత భాగం తప్పనిసరిగా రెండు మూడు తరగతులున్న గదిలో జరగాలి. ఒకే తరగతికి పాఠం చెప్పి పట్టా పొందినవారిని ఐదు తరగతుల బడికి పంపడం వారికీ పిల్లలకూ కష్టం. రెండోది, ఏపీపెప్ నాటి కృత్యపత్రాలు, రిషివ్యాలీ కార్డులు, ఉపాధ్యాయుల సొంత సామగ్రి సేకరించి, తేదీలతో, ఊర్లతో సూచిక తయారు చేసి అందరికీ అందుబాటులో ఉంచాలి. మూడోది, తెలుగు పిల్లలు గుణింతాల్లో, ఒత్తుల్లో, తీసివేతల్లో, భిన్నాల్లో పదేపదే చేసే తప్పులను బడుల నుంచే పోగు చేయాలి. ఆ జాబితా లేకుండా తెలుగులో ఏ సాఫ్ట్‌వేరూ పిల్లల తప్పును సరిగా గుర్తించలేదు. నాలుగోది, ప్రాథమిక బడికి కొనే ప్రతి పరికరాన్నీ కొనకముందే ఇద్దరు ఉపాధ్యాయులున్న బడిలో ఒక విద్యా సంవత్సరం పరీక్షించి, అది వాడుకలో ఉన్నప్పుడు ఇతర తరగతులు ఏం చేశాయో నివేదికలో రాయాలి. ఈ నాలుగింటిలో మొదటి మూడు పనులకు పెద్ద నిధులు అక్కర్లేదు. వాటిని ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా ఈ సదస్సు సభ్యులే తమ తమ జిల్లాల్లో ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.